అత్తయ్యకీ జూలీకీ ఒకటే జబ్బు

మా ఇంట్లో పొద్దున ఏడింటికీ, రాత్రి ఏడింటికీ ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, ఇద్దరు లేచి కూర్చుంటారు. ఒకరు మా అత్తయ్యగారు, 74 ఏళ్లు. రెండోది జూలీ, మా తెల్లబొచ్చు పామేరియన్, 11 ఏళ్లు. ఇద్దరికీ ఇన్సులిన్ వేళ అది. అత్తయ్యగారికి సూది ముందు, ఇడ్లీ తర్వాత. జూలీకి తిండి ముందు, సూది తర్వాత. ఈ వరస తెలుసుకోవడానికి మాకు చాలా రోజులే పట్టింది. మధ్యలో ఒకసారి దాన్ని చేజేతులా పోగొట్టుకోబోయాం కూడా. అదంతా చెప్తాను వినండి.

రెండేళ్ల కిందటి మాట. మే నెల. విజయవాడ ఎండలు మీకు చెప్పక్కర్లేదు. మనుషులమే కుండలు ఖాళీ చేస్తుంటే, జూలీ గిన్నె రోజుకి నాలుగుసార్లు నింపాల్సి రావడం మాకెవరికీ వింతగా అనిపించలేదు. 'పాపం, ఒంటినిండా బొచ్చాయె, దాహం వెయ్యదూ' అనుకున్నాం. ఏనాడూ ఇల్లు పాడుచెయ్యనిది, రాత్రిళ్లు వరండా మూలన తడిపెయ్యడం మొదలుపెట్టింది. నేను దాన్ని రెండుసార్లు గట్టిగా కసిరాను. ఒకరోజు చీపురు కూడా చూపించాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

తిండి మాత్రం లాగిస్తోంది. పెట్టినదంతా తిని ఇంకా పళ్లెం నాకేది. అయినా ఎత్తుకుంటే తేలిగ్గా ఉండేది. వెన్నుపూస చేతికి తగిలేది. బొచ్చు కప్పేయడంతో కంటికి తెలియలేదు.

సంగతి కనిపెట్టింది డాక్టరు కాదు, అత్తయ్యగారే. ఒక పొద్దున వరండాలో కూర్చుని పిలిచారు.

"అమ్మాయ్, ఇలా రా. ఆ మూల చూడు."

చూస్తే, జూలీ రాత్రి తడిపిన చోట చీమలు బారులు కట్టి ఉన్నాయి.

"దీనికి నా జబ్బే వచ్చిందే" అన్నారావిడ. "20 ఏళ్లుగా మోస్తున్నదాన్ని, నాకు తెలీదూ?"

మా ఆయన నవ్వేశారు. "కుక్కకి షుగరేమిటమ్మా!" అని. మన పూర్వులు ఈ జబ్బుకి మధుమేహమని పేరు పెట్టిందే మూత్రం తియ్యనవుతుందని. చీమలు పట్టడం ఆయుర్వేద గ్రంథాల్లో కూడా చెప్పిన గుర్తే. మనిషికి చెల్లింది కుక్కకి చెల్లదా? ఆ సాయంత్రం పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే రక్తంలో చక్కెర 430 ఉంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి దాదాపు మనలాగే 80 నుంచి 120 మధ్య ఉండాలట. మా ఆయన నవ్వడం మానేశారు.

తిన్నా చిక్కిపోవడం ఎందుకు?

డాక్టరుగారు ఓపికగా చెప్పారు. కడుపులో క్లోమగ్రంథి అని ఒకటుంటుంది. అందులోంచి వచ్చే ఇన్సులిన్ అనే హార్మోను, రక్తంలోని చక్కెరని కండల్లోకీ కణాల్లోకీ పంపుతుంది. ఆ హార్మోను తగ్గిపోతే చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. అది సుమారు 180-220 దాటేసరికి కుక్క మూత్రపిండాలు పట్టి ఉంచలేవు, మూత్రంలోకి వదిలేస్తాయి. వెళ్లే చక్కెర ఊరికే వెళ్లదు, నీళ్లని కూడా వెంటేసుకుపోతుంది. అందుకే అంత మూత్రం. అంత పోయాక దాహం వెయ్యకేం చేస్తుంది? రక్తం నిండా చక్కెర ఉన్నా కణాలకి మాత్రం పస్తే. అందుకే ఎంత తిన్నా ఆకలి, ఎంత తిన్నా చిక్కిపోవడం.

"అయితే అమ్మ వేసుకునే మాత్ర సగం చేసి వెయ్యచ్చా?" అని మా ఆయన ఆశగా అడిగారు. డాక్టరుగారు ఉలిక్కిపడ్డారు. "ఆ పని మాత్రం చెయ్యకండి సార్" అన్నారు. పెద్ద వయసులో మనుషులకి వచ్చే షుగరులో చాలామందికి శరీరంలో ఇన్సులిన్ కొంత తయారవుతూనే ఉంటుంది, అది సరిగ్గా పనిచెయ్యదు. మాత్రలు అక్కడ ఉపయోగపడతాయి. కుక్కలకి వచ్చేది ఎక్కువగా చిన్నపిల్లల్లో వచ్చే రకం లాంటిది. ఇన్సులిన్ తయారీయే పడిపోతుంది. బయటినుంచి సూది ద్వారా ఇవ్వడం తప్ప దారి లేదు. అదీ రోజుకి రెండుసార్లు, 12 గంటల తేడాతో, బతికినంత కాలం.

'బతికినంత కాలం' అన్నమాట విని నేను జూలీ వంక చూశాను. అది టేబుల్ మీద కూర్చుని డాక్టరుగారి చెయ్యి నాకుతోంది.

బత్తాయి మీద పాఠాలు

సూది నేర్చుకోవడానికి డాక్టరుగారు బత్తాయిపండు వాడమన్నారు. రెండురోజులు మా ఇంట్లో బత్తాయిలన్నింటికీ నీళ్ల ఇంజక్షన్లే. మూడోరోజు జూలీ వంతు. వీపు పక్కన చర్మం గుడారంలా పైకెత్తి పట్టుకుని, దాని మొదట్లో సూది గుచ్చి, మెల్లిగా నొక్కాలి. రోజూ ఒకేచోట కాకుండా కాస్త అటూ ఇటూ మార్చాలి. నా చెయ్యి వణుకుతోంది. మా ఆయన పక్కగదిలోకి వెళ్లిపోయారు. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి "నువ్వు పట్టుకో అమ్మా" అని చటుక్కున వేసేశాడు. జూలీ పళ్లెం నాకడం ఆపనైనా లేదు. సూది అంత సన్నం. భయమంతా మాదేనన్నమాట.

మొదటి వారంలోనే ఒక పొరపాటు దొర్లింది. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్ల బలంతో వస్తాయి. వాటికి ఎర్రమూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల బలం ఉన్నవాటికి నారింజరంగు మూత సిరంజి. మందుల షాపులో కుర్రాడు 40 సీసా ఇచ్చి, నారింజమూత సిరంజిలు చేతిలో పెట్టాడు. మాకేం తెలుసు? గీత చూసి ఎక్కించాం. వెళ్లాల్సిన మందులో సగం కూడా వెళ్లలేదు. చక్కెర దిగలేదు. ఇదే తారుమారై, 100 సీసా మందుని ఎర్రమూత సిరంజితో ఎక్కించి ఉంటే, రెండున్నర రెట్లు పడిపోయేది. డాక్టరుగారు సిరంజి చూసి పట్టుకున్నారు కనక సరిపోయింది. మీ ఇంట్లో మనిషి కోసం కొన్నా సరే, సీసా మీది అంకె, సిరంజి మీది అంకె కలిశాయా అని ఒకసారి చూసుకోండి.

మాకు రాసింది మనుషులు వాడే ఎన్‌పీహెచ్ ఇన్సులినే. దాన్ని ఫ్రిజ్ తలుపు అరలో పెట్టాలి, గడ్డకట్టే అరలో పెడితే పనికిరాదు. వేసేముందు సీసాని కుదపకుండా రెండు అరచేతుల మధ్య మెల్లిగా దొర్లించాలి. మోతాదు మాత్రం ఒక కుక్కది ఇంకో కుక్కకి చెల్లదు. అందుకే మా జూలీకి ఎన్ని యూనిట్లో ఇక్కడ రాయడం లేదు. తక్కువతో మొదలుపెట్టి, రోజంతా రెండేసి గంటలకోసారి చక్కెర చూసి, ఆ రాతని బట్టి డాక్టరుగారే పెంచుతారు, తగ్గిస్తారు. ఇంట్లో చెవి అంచున చిన్నగా గుచ్చి మేమూ చూస్తాం. మనుషుల మిషన్ కుక్క రక్తానికి సాధారణంగా కాస్త తక్కువ చూపిస్తుంది. ఈ మధ్య చర్మానికి అతికించే సెన్సర్లు కూడా వచ్చాయి. రెండువారాల దాకా గుచ్చే పని ఉండదు.

అసలు కష్టం తిండి దగ్గర వచ్చింది. అప్పటిదాకా జూలీ అందరి దగ్గరా తినేది. మా ఆయన టీలో ముంచిన బిస్కెట్టు, అత్తయ్యగారి పెరుగన్నం ఆఖరి ముద్ద, మా అబ్బాయి కంచంలో కోడి చర్మం. అన్నీ బంద్. కొలిచిన చికెన్, కొంచెం అన్నం, ఉడికించిన గుమ్మడికాయ, బీన్స్. ఉప్పూకారం లేదు, ఉల్లిపాయ అసలు లేదు. రోజూ అదే కొలత, అదే వేళ. కొవ్వు తిండి వల్ల క్లోమం వాచే ప్రమాదం ఉంటుందట. అది వాస్తే ఉన్న జబ్బు ఇంకా ముదురుతుంది. మరో ముఖ్యమైన మాట. షుగర్‌వాళ్ల కోసం ఇంట్లో తెచ్చుకునే చక్కెర లేని చూయింగ్‌గమ్ములు, బిళ్లల్లో కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. మనిషికి ఫర్వాలేదుగానీ కుక్కకి అది విషం. చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయం దెబ్బతింటుంది. అత్తయ్యగారి బిళ్లల డబ్బా అప్పటినుంచి బీరువా పైకెక్కింది.

ఆపరేషన్ ముందే చేయించి ఉంటే

ఇంకో సంగతి మాకు గుచ్చుకుంది. జూలీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. 'ఇంట్లోనే ఉంటుంది కదా, దాన్నెందుకు బాధపెట్టడం' అనుకున్నాం. ఎదకి వచ్చి తగ్గాక ఆడకుక్కల ఒంట్లో దాదాపు రెండునెలల పాటు ప్రొజెస్టిరోన్ అనే హార్మోను ఎక్కువగా ఉంటుంది, కడుపుతో ఉన్నా లేకపోయినా. దాని వల్ల పాలగ్రంథుల్లోంచి గ్రోత్ హార్మోను వస్తుంది. అది ఇన్సులిన్‌ని పనిచెయ్యనివ్వదు. జూలీ దాహం మొదలైంది సరిగ్గా ఎదకి వచ్చి వెళ్లాకే. ఆపరేషన్ చెయ్యకపోతే ప్రతి ఎదకీ చక్కెర మళ్లీ అదుపు తప్పుతుందన్నారు డాక్టరుగారు.

తొమ్మిదేళ్ల కుక్కకి, అందులోనూ షుగర్ ఉన్నదానికి ఆపరేషనా? రెండురాత్రులు నిద్రపట్టలేదు. చివరికి చక్కెర కాస్త దారికొచ్చాక చేయించాం. తొందరగా చేయిస్తే కొన్ని కుక్కలకి షుగర్ పూర్తిగా పోతుందట. మా జూలీకి పోలేదు. కానీ మందు బాగా తగ్గింది. మీ ఇంట్లో చిన్నవయసు ఆడకుక్క ఉంటే, ఈ సంగతి మీ డాక్టరుతో ఇప్పుడే మాట్లాడండి. మేం తొమ్మిదేళ్లు ఆలస్యం చేశాం.

ఆ ఆదివారం

ఇక మా పెద్ద తప్పు. ఒక ఆదివారం పొద్దున మా అబ్బాయి జూలీకి సూది వేసి క్రికెట్‌కి వెళ్లిపోయాడు. నాకు చెప్పలేదు. నేను లేచి, గిన్నె ఖాళీగా ఉండడం చూసి, 'తిన్నట్టుంది' అనుకుని మళ్లీ సూది వేశాను.

పదింటికి జూలీ గోడకి ఒరుక్కుంటూ నడిచింది. తాగినవాళ్లలా తూలింది. పిలిస్తే చూపు ఎటో ఉంది. తర్వాత కాళ్లు వణికి పక్కకి పడిపోయింది. చెవి గుచ్చి చూస్తే 41.

అత్తయ్యగారు అరిచారు. "తేనె తే! నోట్లో పొయ్యకు, చిగుళ్లకి రాయి!"

ఆవిడకి ఒకసారి మాత్ర వేసుకుని తినడం మరిచిపోయి కళ్లు తిరిగిన అనుభవం ఉంది. తేనె వేలితో తీసి చిగుళ్లకి రుద్దాను. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిగుళ్లకి రాస్తే చాలు. అయిదు నిమిషాల్లో తల ఎత్తింది. కాస్త తిండి తిన్నాక ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. ఒకసారి లేచిందని వదిలెయ్యకూడదు, మందు ఒంట్లో ఉన్నంతసేపూ చక్కెర మళ్లీ పడిపోతుంది. సాయంత్రం దాకా గ్లూకోజు ఎక్కించారు. మా అబ్బాయి దాని పక్కనే నేలమీద కూర్చుని ఏడ్చాడు. వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు. చూసుకోకుండా వేసింది నేనే కదా.

ఆ రోజు నుంచి ఫ్రిజ్ పక్కన గోడమీది తెలుగు క్యాలెండరుకి కొత్త పని పడింది. తిథీ నక్షత్రం కింద రెండు గళ్లు. పొద్దున ఒక టిక్కు, రాత్రి ఒక టిక్కు. టిక్కు పెట్టనిదే సిరంజి పారెయ్యకూడదు. వేశామో లేదో అనుమానం వస్తే ఆ పూటకి వెయ్యం. ఒకపూట తప్పితే పెద్దగా ముంచుకొచ్చేది లేదు, రెండుసార్లు పడితేనే ప్రాణాలమీదికి వస్తుందని డాక్టరుగారి మాట. తిండి తినకపోతే, వాంతి చేసుకుంటే సొంత తెలివి వాడకుండా ఫోన్ చేస్తాం. అలాగని బాగుంది కదా అని రోజుల తరబడి ఇన్సులిన్ ఆపకూడదు. ఆపితే ఒళ్లు కొవ్వుని కరిగించుకుని కీటోన్లు పుట్టి రక్తం ఆమ్లంగా మారుతుంది. అది కూడా ప్రాణాంతకమే.

కుక్కల అప్పు

ఒకరోజు మా పక్కింటావిడ వచ్చి, "ఎందుకమ్మా ఈ తిప్పలు? ఒక్క ఇంజక్షన్ చేయించేస్తే దానికీ మీకూ సుఖం కదా" అన్నారు. తప్పుపట్టను. ఆవిడ మా మీద జాలితోనే అన్నారు. నిజానికి తిప్పలే. పెళ్లిళ్లకి అందరం కలిసి వెళ్లి రెండేళ్లయింది. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. వంతులవారీగా వెళ్తున్నాం. సీసాలు, సిరంజిలు, పరీక్షలు నెలనెలా ఖర్చే.

కానీ ఆవిడ అలా అన్నాక మా అబ్బాయి ఒక సంగతి చెప్పాడు. ఇన్సులిన్ మనకి దొరికిందే కుక్కల వల్లట. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, మేరింగ్ అనే ఇద్దరు ఒక కుక్కకి క్లోమం తీసేస్తే దానికి షుగర్ వచ్చింది. జబ్బు మూలం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. 1921 వేసవిలో టొరంటో యూనివర్సిటీలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుర్రాళ్లు అలాంటి కుక్కలకే క్లోమం నుంచి తీసిన రసం ఎక్కించి చక్కెర దింపారు. వాటిల్లో మార్జొరీ అనే కుక్క ఆ రసంతో దాదాపు 70 రోజులు బతికింది. 1922 జనవరిలో 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్ అనే అబ్బాయి ఇన్సులిన్ తీసుకున్న మొదటి మనిషయ్యాడు. 1923లో బాంటింగ్‌కీ, ఆ లేబొరేటరీ పెద్ద మెక్లియోడ్‌కీ నోబెల్ వచ్చింది. కుక్కలకి మాత్రం ఏమీ రాలేదు.

"అంటే నానమ్మ మందు కుక్కలిచ్చిందే. మనం దానికి తిరిగి ఇస్తున్నాం, అంతే" అన్నాడు వాడు. పక్కింటావిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పైగా మేం ఊరెళ్లినప్పుడు చూసుకోవడానికి సూది నేర్చుకుంటానన్నారు.

కళ్లు

ఎంత జాగ్రత్తపడ్డా ఒకటి ఆపలేకపోయాం. ఎనిమిది నెలలయ్యేసరికి జూలీ కళ్లలో పాలు పోసినట్టు తెల్లబడింది. షుగర్ ఉన్న కుక్కల్లో సగానికి పైగా మొదటి సంవత్సరంలోనే శుక్లాలు వస్తాయట. కంటి కటకంలోకి వెళ్లిన చక్కెర సార్బిటాల్‌గా మారి నీళ్లని లాక్కోవడంతో అది ఉబ్బి తెల్లబడుతుంది. ఆపరేషన్ ఉంది, పెద్ద ఊళ్లలో చేస్తారు. మా స్తోమతకి మించింది, దాని వయసూ ఎక్కువ. వద్దనుకున్నాం. సరైన నిర్ణయమేనా అని ఇప్పటికీ నాకు అనిపిస్తూ ఉంటుంది. శుక్లం వల్ల కంటిలో వాపు వచ్చి నొప్పెడుతుంది కనక చుక్కలు మాత్రం మానకుండా వేస్తున్నాం.

కుక్క కళ్లతో కంటే ముక్కుతోనే ఎక్కువ చూస్తుంది. వారంలో ఇల్లంతా కంఠతా పట్టేసింది. మేం చెయ్యాల్సిందల్లా సోఫాలు, మంచాలు జరపకపోవడం, మెట్ల దగ్గర అడ్డు పెట్టడం, ముట్టుకునే ముందు పిలవడం.

ఇక అత్తయ్యగారి సంగతి. మాత్రలు చాలడం లేదు, ఇన్సులిన్‌కి మారండి అని ఆవిడ డాక్టరు మూడేళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆవిడ వినరు. "సూది మొదలెడితే ఇక అంతే, కాటికి పిలుపే" అని గట్టి నమ్మకం. వాళ్ల అన్నగారికి ఆఖరి రోజుల్లో ఇన్సులిన్ మొదలుపెట్టారు, నెలకే పోయారు. ఆ భయం అది. మా ఆయన బతిమాలారు, నేను అలిగాను. ఫలితం సున్నా.

జూలీకి చూపు పోయిన వారం, ఒక రాత్రి అది తడుముకుంటూ వచ్చి, పళ్లెం ఖాళీ చేసి, సూది కోసం నా దగ్గర వీపు తిప్పి నిలబడింది. ఎవరూ పిలవలేదు. అత్తయ్యగారు కుర్చీలోంచి చూస్తున్నారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు:

"ఏడాది నుంచి పొడుస్తున్నారు దాన్ని. పోలేదుగా!"

"లేదత్తయ్యా. పోయిన బరువు కూడా తిరిగొచ్చింది."

"రేపు ఆ డాక్టరుకి ఫోన్ చెయ్యమను మీ ఆయన్ని."

అలా మొదలైంది. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు అరలో రెండు డబ్బాలు. ఒకదాని మీద 'నానమ్మ' అనీ, రెండోదాని మీద 'జూలీ' అనీ మా అబ్బాయి పెద్దక్షరాలతో రాశాడు. క్యాలెండరులో గళ్లు నాలుగయ్యాయి. అత్తయ్యగారి మూడునెలల రిపోర్టు కిందటిసారి బాగా దిగింది. జూలీ ఎన్నాళ్లుంటుందో నేను అడగను. మొదటి కొన్ని నెలలు గట్టెక్కిన కుక్కలు ఏళ్ల తరబడి బాగానే ఉంటాయని డాక్టరుగారు అన్నారు, అది చాలు.

మీ ఇంట్లో కుక్క ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువ తాగుతుంటే, రాత్రిళ్లు ఇల్లు తడుపుతుంటే, నాలాగా చీపురు తియ్యకండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లోనో, మీ ఊళ్లోని డాక్టరు దగ్గరో రక్తం, మూత్రం ఒకసారి చూపించండి. దాహం పెంచే హార్మోన్ల జబ్బులు ఇంకా ఉన్నాయి, మూత్రపిండాల జబ్బూ ఉంది. ఏదన్నది పరీక్షే చెప్పాలి.

ఇది రాస్తుండగానే ఏడయింది. వంటింట్లో ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. కుర్చీ కింద తోక నేలకేసి కొట్టుకుంటోంది. "ముందు దానికి పెట్టవే, ఆకలేస్తుంది పాపం" అంటున్నారు అత్తయ్యగారు. వస్తాను మరి.